జన్మదినం – తేనీటి విందు

2025 జూలై 1వ తేదీ సాయంకాలం మేము సకుటుంబంగా హైదరాబాదులోని ఒక పెద్ద హోటలులో మా అమ్మగారి జన్మదినాన్ని 'హై టీ'తో జరుపుకొన్నాము. ఈ సంగతి స్టాఫ్ రూములో తెలిసిన నాడే రెండు విమర్శలు మాకు ఎదురైనాయి. ఉర్దూ శాఖలోని పెద్దలొకరు, జన్మదినాలు జరుపుకోవడం మన ఇళ్ళ ఆచారం కాదని మృదువుగా మందలించారు. అర్థశాస్త్రం బోధించే మిత్రుడు మాత్రం, "టీ త్రాగడానికి హైదరాబాదు వెళ్ళాలా? ఆ డబ్బుతో ఒక పేద విద్యార్థి పరీక్ష ఫీజు కట్టవచ్చునే!" అని సూటిగానే అన్నాడు. ఇద్దరూ మా మేలు కోరేవారే. అప్పటికి ఇద్దరికీ సరియైన సమాధానం చెప్పలేకపోయాము. వార్షిక సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గం కోరినందున, ఆ సమాధానమేదో ఇక్కడ చెప్పుకుందామని తోచింది.

మన ఊళ్ళలో హోటలు అంటే ఇడ్లీ, పూరీ, టీ దొరికే చోటు. మా నాన్నగారు బస్టాండు ఎదుట ముప్పై సంవత్సరాలు నడిపినది అటువంటి హోటలే. నాలుగు బల్లలు, ఎనిమిది బెంచీలు, మొదట బొగ్గుల పొయ్యి, తరువాత కిరోసిన్ స్టవ్, చివరికి గ్యాసు. గల్లాపెట్టె వద్ద కూర్చునేది ఆయన. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి పాలు కాచి, సమోసాలకు ఉల్లిపాయలు తరిగి, పిండి కలిపి, అన్నీ గిన్నెలకెత్తి పంపేది మా అమ్మగారు. ఆ టీ త్రాగని లారీ డ్రైవరు గాని, హమాలీ గాని మా ఊరిలో లేడంటే అతిశయోక్తి కాదు. అయితే ఆమె మాత్రం ఆ హోటలులో ఒక్కనాడైనా కూర్చుని టీ త్రాగలేదు. ఆడవారు కూర్చునే చోటు కాదది. ఇంట్లో కూడ అందరికీ ఇచ్చిన తరువాత గిన్నె అడుగున మిగిలిన టీని, అప్పటికే చల్లారినదానిని, వంటగదిలో నిలబడే త్రాగేవారు. "ఎప్పుడైనా పట్నం పోతే పెద్ద హోటలులో కూర్చోబెట్టి నీకు టీ త్రాగిస్తాను" అని నాన్నగారు నవ్వుతూ అంటుండేవారు. ఆయన 2019లో పోయారు. ఆ మాట మాత్రం మా ఇంట్లో అట్లాగే ఉండిపోయింది.

గత జూన్ నెలలో అమ్మగారికి కంటి శుక్లాలు తీశారు. తిరిగి పరీక్ష చేయించడానికి జూలై 1న హైదరాబాదు తీసుకువెళ్ళవలసి వచ్చింది. కాగితాల ప్రకారం ఆమె పుట్టినరోజు కూడ అదే కావడంతో, అక్కడ ఉద్యోగం చేస్తున్న మా తమ్మునికి నాన్నగారి మాట జ్ఞప్తికి వచ్చింది. అంతవరకు బాగానే ఉన్నది. పేచీ హోటలు దగ్గర వచ్చింది. ఫలక్‌నుమాకే వెళ్ళాలని వాడి పట్టుదల. 1884లో నవాబ్ వికారుల్ ఉమ్రా పునాది వేయించి కట్టించిన సౌధమది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వచ్చింది. 2010 నుండి హోటలుగా ఉన్నది. డబ్బు మాటేమిటంటే, క్రెడిట్ కార్డు మీద వాయిదాలలో కట్టుకోవచ్చునన్నాడు. అప్పు చేసి టీ త్రాగే ఖర్మ మనకు పట్టలేదని మేమన్నాము. మాట మీద మాట పెరిగింది. ఫోనులో అన్నదమ్ములిద్దరూ అరచుకొన్న మాటలు ప్రక్కగదిలో ఉన్న అమ్మగారి చెవిన పడ్డాయి. "నా పేరు పెట్టుకొని మీరు కొట్లాడుకోవద్దు. నేను ఎక్కడికీ రాను" అన్నారు. రెండు రోజులు ఆ ఊసే ఎత్తనివ్వలేదు. చివరికి మా మరదలు మధ్యవర్తిత్వం చేసింది. ఇద్దరు కొడుకులూ సమానంగా, చేతిలో ఉన్న డబ్బుతోనే, అంతకంటె తక్కువ ఖరీదుగల హోటలులో జరపాలని నిర్ణయమైంది. ఏడుగురికి పద్దెనిమిది శాతం జి.ఎస్.టి.తో కలిపి అయిన ఖర్చు, మా ఇంటి ఒక నెల కిరాణా ఖర్చంత. తక్కువ కాదు, నిజమే.

ఈ 'హై టీ' అన్న పేరులో ఒక తమాషా కలదు. సుమారు 1840 ప్రాంతంలో ఇంగ్లాండులో బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా మరియా రస్సెల్‌కు, మధ్యాహ్న భోజనానికీ బాగా ప్రొద్దుపోయి తినే రాత్రి భోజనానికీ నడుమ ఆకలి వేసేదట. టీ, రొట్టె తెప్పించుకొని స్నేహితురాండ్రతో తినసాగింది. అదే ప్రభువుల ఇళ్ళలో అపరాహ్ణపు తేనీటి విందుగా స్థిరపడింది. ఎత్తు తక్కువ బల్లల వద్ద, మెత్తని ఆసనాలలో కూర్చుని తీసుకొనేది అది. 'హై టీ' అన్నది దానికి భిన్నమైనది. గనులలో, మిల్లులలో పనిచేసి సాయంకాలం ఇల్లు చేరిన కార్మికులు, భోజనపు బల్ల వద్దనే మాంసం, రొట్టె, చిక్కని టీ కలిపి తినే తిండి అది. ఆ బల్ల ఎత్తును బట్టియే ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఈనాటి పెద్ద హోటళ్ళు ప్రభువుల విందును వడ్డిస్తూ దానికి కూలివాని తిండి పేరు పెట్టాయి. ఆ లెక్కన అసలైన హై టీ మా నాన్నగారి బెంచీల మీద, హమాలీలు సమోసా నంజుకొంటూ త్రాగినదే.

హోటలులో అమ్మగారు మొదట కుర్చీ అంచున కూర్చున్నారు. మూడంతస్తుల పళ్ళెం వచ్చింది: క్రింద శాండ్‌విచ్‌లు, నడుమ స్కోన్‌లు, పైన చిన్న చిన్న కేకులు. వేరొక పళ్ళెంలో మనవారి కోసమని సమోసాలు. వడ్డించే కుర్రవాడు కెటిలు ఎత్తగానే అమ్మగారు అలవాటుకొద్దీ లేచి చేయి చాచారు. "మీరు కూర్చోండి అమ్మా, నేను పోస్తాను" అన్నాడతడు. ఆమె మా వైపు చూశారు. కూర్చోమని సైగ చేశాము. ఆ తరువాత ఆమె వెనక్కు జరిగి, వీపు కుర్చీకి ఆన్చి కూర్చున్నారు. మా ముప్పైయేడేళ్ళ వయస్సులో, వేరొకరు పోసిన వేడి టీని అమ్మగారు కూర్చుని మొదటి కప్పుగా అందుకోవడం మేము చూచినది అదే ప్రథమం. పెండ్లిళ్ళలో సైతం ఆమె వంటశాల వైపే ఉండేవారు.

టీ ఆమెకు నచ్చలేదు. అది వేరే సంగతి. డార్జిలింగు ఆకును వేడినీళ్ళలో కొద్ది నిమిషాలు నానబెట్టి, పాలు విడిగా తెచ్చి పెడతారు. మా ఇంటి టీ డస్టు టీ. పాలు, అల్లం, చక్కెరతో కలిపి పొంగు మీద పొంగు రానిచ్చి దించేది. "ఆకు మంచిదే. మరగనివ్వలేదు, పాపం, కొత్తవాళ్ళేమో" అన్నారామె. ఆ కుర్రవాడు నవ్వి, లోపలికి వెళ్ళి మసాలా టీ చేయించి తెచ్చాడు. "నువ్వేమైనా తిన్నావా నాయనా?" అని అతన్ని అడిగారు. తిన్నానన్నాడు. ఆమె నమ్మలేదు. తిన్న పళ్ళాలను ఒకదానిలో ఒకటి పేర్చి పెట్టడం మాత్రం మేమెంత వద్దన్నా మానలేదు.

ఇక ఉర్దూ శాఖ పెద్దలకు మా మనవి. మత విషయంలో తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. జరపని వారి పట్ల మాకు గౌరవమే. ఇది మన ఆచారమే కాదన్న మాటకు మాత్రం ఒక చిన్న జవాబు కలదు. ఉర్దూలో జన్మదినాన్ని 'సాల్‌గిరహ్' అంటాము. సాల్ అంటే సంవత్సరం, గిరహ్ అంటే ముడి. ఏటా ఒక దారానికి ఒక ముడి వేసి వయస్సు లెక్కించే అలవాటు ఆ మాటలో ఉన్నది. హిందీలోని 'వర్ష్‌గాంఠ్'కు కూడ అదే అర్థం. మొగలు పాదుషాలలో అక్బరు ఏటికి రెండుమార్లు, సూర్యమానాన ఒకసారి, చాంద్రమానాన ఒకసారి, తులాభారం తూగి ఆ ద్రవ్యాన్ని దానం చేసేవాడు. ఔరంగజేబు ఆ పద్ధతిని మాన్పించాడు. కనుక ఈ వాదం స్టాఫ్ రూములో పుట్టినది కాదు, దర్బారులోనే ఉన్నది.

అమ్మగారికైతే ఏ రోజున ముడి వేయాలన్నదే చిక్కు. జూలై 1 అన్నది బడిలో చేర్చిన నాడు పంతులుగారు వ్రాసుకొన్న తేదీ. మా ప్రాంతంలో ఆ తరం వారిని అడిగి చూడండి, ఎంతమంది జూలై 1న పుట్టారో! జననాలు తప్పక నమోదు చేయాలన్న కేంద్ర చట్టం వచ్చినదే 1969లో. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన పిల్లలకు జనన ధ్రువపత్రమే అన్నిటికీ ఆధారం. ఆమె నాటికి పంతులుగారి కలమే ఆధారం. రిజిస్టరు ప్రకారం ఆమె పుట్టినది 1960లో. అనగా అరవై అయిదు నిండాయి. మా అమ్మమ్మ చెప్పిన ప్రకారమైతే, రాజధాని కర్నూలు నుండి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి సంవత్సరం జొన్నకోతల కాలంలో. అనగా 1957 మొదట్లో, అరవై ఎనిమిది. హిజ్రీ సంవత్సరం సూర్యమానం కంటె సుమారు పదకొండు రోజులు తక్కువ గనుక, ఆ లెక్కన డెబ్బై కూడ దాటాయి. ఈ లెక్క మేము కాగితపు రుమాలు మీద వేసి చూపితే, "తక్కువ ఉన్నదే ఉంచండి" అన్నారు అమ్మగారు. పిల్లలు విరగబడి నవ్వారు.

మా తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. ఆ సాయంకాలం మా తమ్ముడూ మేమూ పోటీలుపడి ఫొటోలు తీశాము. అమ్మగారు వద్దంటున్నా, కేకు కోస్తున్న ఫొటో ఒకటి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాము. మేము ఊరు చేరకముందే వీధి వీధంతా చూచింది. పొరుగింటి ఆమె వచ్చి, "పెద్ద హోటళ్ళకు పోతున్నారటనే, మేమెందుకు కనపడతాము" అన్నదట. అమ్మగారు ఆమెతో ఏమీ అనలేదు. రాత్రి మాత్రం మాతో, "నేను టీ త్రాగడానికి వచ్చినాను, మీరు చూపించడానికి తీసుకపోయినారు" అన్నారు. ఫొటో తొలగించాము. తొలగించినంత మాత్రాన చూచినవారు చూడకపోరు గదా!

అర్థశాస్త్ర మిత్రుని మాట ఇంకా మిగిలి ఉన్నది. పేద విద్యార్థి ఫీజు కట్టవలసినదే. కళాశాల కమిటీవారు అడిగితే మా వంతు ఇవ్వడానికి ఎప్పుడూ సిద్ధమే. కాని ఈ మిత్రుడే మా తమ్ముని పెండ్లికి వచ్చి, అయిదువందల మందితోపాటు బిర్యానీ, డబుల్ కా మీఠా ఆరగించి, ఏర్పాట్లు దివ్యంగా ఉన్నాయని మెచ్చుకొన్నాడు. ఆ పెండ్లికి మా నాన్నగారు చేసిన అప్పు తీరడానికి మూడేళ్ళు పట్టింది. అప్పుడు ఎవరి ఫీజు గురించీ ఎవరూ లెక్క అడగలేదు. ఊరందరికీ అప్పు చేసి పెడితే మర్యాద. ఉన్న డబ్బుతో ఒక తల్లిని కూర్చోబెట్టి టీ ఇప్పిస్తే దుబారా! ఈ లెక్క ఏ అర్థశాస్త్రంలోనిదో మాకు బోధపడలేదు.

విద్యార్థి మిత్రులలో కొందరు పుట్టినరోజున స్నేహితులకు హోటలులో పార్టీ ఇవ్వడానికి అప్పు చేస్తున్నారని, కొందరు ఫోనులోని అప్పుల యాప్‌లలో చిక్కుకొన్నారని వింటున్నాము. కేకును తినక ముఖాలకు పూసుకోవడం మన కళాశాల ఆవరణలోనే కళ్ళారా చూచాము. స్నేహితులకు పెట్టవద్దని అనము. అయితే ఇరవై ఏళ్ళ క్రితం ఆ రోజున నొప్పులు పడిన మనిషి ఆ సాయంకాలం ఎక్కడ ఉన్నదో, ఎవరి ఎంగిలి గిన్నెలు కడుగుతున్నదో ఒకసారి ఇంటికి వెళ్ళి చూడండి. ఆమెను కూర్చోబెట్టడానికి పెద్ద హోటలే కావాలని లేదు. బస్టాండు ఎదుట ఫ్యామిలీ రూము ఉన్న హోటలైనా చాలు. ఇంట్లోనే అయితే టీ మీరు పెట్టవలసి ఉంటుంది.

మా అమ్మగారిని వచ్చే సంవత్సరం మాట అడిగాము. ఫొటోలు తీయమని మాట ఇస్తే వస్తానన్నారు. "ముందుగానే ఫోను చేసి చెప్పండి, ఆ పిల్లవాడిని పాలు మరగబెట్టి ఉంచమనండి" అన్నారు.