ఉత్త కాళ్ల ఖిస్సా వెనక రహీం సాబ్

"1950 ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌కి ఇండియా ఎందుకు వెళ్లలేదు?" క్విజ్‌లలో తరచూ వచ్చే సవాల్ ఇది. జవాబు మన పిల్లలకు కంఠతా వచ్చు. ఉత్త కాళ్లతో ఆడనివ్వం అన్నారట, మనవాళ్లు బూట్లు తొడగం అన్నారట! అందరూ నవ్వుతారు. నాకు మాత్రం ఈ మజాక్ నచ్చదు. గరీబీని ఎగతాళి చేస్తుంది, పైగా పూర్తి హఖీఖత్ కూడా కాదు.

1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది ఉత్త కాళ్లతోనే ఫ్రాన్స్‌తో తలపడ్డారు. రెండు పెనాల్టీలు పోగొట్టుకుని 2-1 తేడాతో ఓడారు. అంతవరకు నిజమే. కానీ 1950లో బ్రెజిల్‌ దాకా సఫర్ చాలా దూరం. అసలు ప్రపంచ కప్ అంటే అప్పట్లో ఇక్కడ అంత ఖదర్ లేదు. కెప్టెన్ కావాల్సిన శైలేన్ మన్నా తర్వాతి రోజుల్లో చెప్పింది అదే. తమకు ఒలింపిక్సే సబ్ కుఛ్ అన్నారాయన.

ఉత్త కాళ్లకు అసలు సజా పడింది 1952 హెల్సింకీ చలిలో. యుగోస్లావియా చేతిలో 10-1. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. అంత బేఇజ్జతీ జరిగాక కోచ్‌ని ఎవరైనా ఉంచుతారా? ఉంచారు. ఆయన మన హైదరాబాదీ బడి ఉస్తాద్, సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్‌లు గెలిపించిన మనిషి.

నాలుగేళ్లకే, 1956 మెల్‌బోర్న్‌లో, ఆయన జట్టు ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఏషియా జట్టేదీ అంతకుముందు అక్కడికి చేరలేదు. మొదటి రౌండ్‌లో హంగరీ రాకపోవడం కొంత ఖిస్మత్, అది దాచక్కర్లేదు. సెమీస్‌లో మళ్లీ అదే యుగోస్లావియా. ఈసారి 4-1. చివరికి నాలుగో స్థానం. మన సికింద్రాబాద్ బలరాం ఆ జట్టులోనే ఉన్నాడు. క్విజ్ మాస్టర్లు ఈ సవాల్ ఎందుకు అడగరో!

నాకు అన్నిటికన్నా అజీబ్‌గా అనిపించేది 1962 జకార్తా. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ ఆటలకు రానివ్వకపోవడంపై ఒక ఇండియన్ అధికారి అభ్యంతరం చెప్పాడని అక్కడి జనం గుస్సాలో ఉన్నారు. ఫైనల్‌లో స్టేడియం మొత్తం మనకు ఖిలాఫ్. ఆ గోలలో మనవాళ్ల కోసం అరిచింది ఎవరనుకుంటున్నారు? పాకిస్తాన్ హాకీ జట్టు! అదే ఆటల్లో హాకీ ఫైనల్‌లో మనల్ని ఓడించినవాళ్లే. ఈ సంగతి ఆ మ్యాచ్‌లో గోల్ కొట్టిన పి.కె. బెనర్జీ చెప్పారు. రహీం సాబ్ తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ముందు వరసకు పంపితే, రెండో గోల్ అతనే కొట్టాడు. దక్షిణ కొరియా మీద 2-1తో బంగారం మనదైంది.

ఏడాది తిరక్కుండానే, 1963 జూన్‌లో, రహీం సాబ్ క్యాన్సర్‌తో ఇంతెఖాల్ అయ్యారు. 2024లో సినిమా వచ్చాక గానీ చాలా ఇళ్లలో ఆయన పేరు వినబడలేదు. ఏషియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఇండియాకి మళ్లీ బంగారం రాలేదు.