ఆట యంత్రాలకు బయటి ఫ్యానులు

అయ్యా,

పిల్లలు టెలివిజనుకు తగిలించి ఆడుకొనే గేమ్ కన్సోళ్ళు వేడెక్కకుండా ఉండుటకని బయటి నుండి బిగించే చిన్న ఫ్యానులను దుకాణాలవారు అమ్ముతున్నారు. వాటివలన నిజముగా ప్రయోజనమున్నదా? మా ఇంటి అనుభవము కొందరికైనా పనికివచ్చునని ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాను.

క్రిందటి దీపావళికి మా అబ్బాయి తన కొడుకుకు ఇటువంటి యంత్రమొకటి కొనిపెట్టినాడు. దాని ఖరీదు నా రెండు నెలల పెన్షను. మా టేకల్‌లో రాతిపని ఎక్కువ. ఇంట్లోకి దుమ్ము రాని రోజు లేదు. అందుచేత మా కోడలు దానిని అద్దాల బీరువాలో పెట్టి తలుపులు మూసి ఉంచేది. ఎండలు ముదిరేసరికి, అరగంట ఆడితే చాలు, వేడెక్కినదని తెరపై హెచ్చరిక వచ్చి యంత్రము ఆగిపోసాగినది. ఒక దుకాణదారు మాట నమ్మి పదిహేను వందలు పోసి ఫ్యాను తెచ్చి వెనుక బిగించినాము. మరునాడూ అదే తంతు. చివరకు ఆ ఫ్యాను తీసివేసి, యంత్రాన్ని బీరువా నుండి బయటకు తెచ్చి, గోడకు జానెడు ఎడముగా బల్లపై పెట్టినాము. ఆపైన హెచ్చరిక రాలేదు.

కారణము తేలికైనదే. ఫ్యాను గాలిని కదిలిస్తుంది గాని చల్లబరచదు. మనకు హాయిగా ఉండేది చెమట ఆరుట వలన. యంత్రానికి చెమట పట్టదు గదా! ఉదాహరణకు ప్లేస్టేషన్ 5 పెద్ద ఆటలు ఆడేటప్పుడు సుమారు 200 వాట్ల విద్యుత్తు తీసుకొంటుంది. అదంతా వేడిగానే బయటపడవలసినదే. వెనుకటి నూరు వాట్ల బల్బులు రెండింటిని బీరువాలో వెలిగించి తలుపు మూసినట్లే! దాని లోపలనే ఒక పెద్ద ఫ్యాను ఉండి ముందు నుండి గాలి పీల్చి వెనుకకు వదులుతుంది. బయటి ఫ్యాను అదే దిక్కున గాలి లాగితే కొంత సాయమే. ఎదురు దిక్కున ఊదితే వేడిగాలి తిరిగి లోపలికే పోతుంది. మూసిన బీరువాలోనైతే ఎటు తిప్పినా ఆ వేడిగాలే.

మన కోలారు బంగారు గనుల సంగతి పెద్దలకు తెలిసినదే. 2001లో మూతపడిన ఆ గనులు మూడు కిలోమీటర్లకు పైగా లోతు దిగినవి. అడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. అక్కడ పనిచేసిన మా మేనమామ చెప్పేవాడు: ఒక బావిన మంచిగాలి దిగవలెను, ఇంకొక బావిన వేడిగాలి ఎక్కిపోవలెను, ఆ దారి మూసుకొంటే ఎంత పెద్ద ఫ్యానైనా దండుగేనని. బీరువాలోని పెట్టెకైనా న్యాయము అదే.

దుమ్ము మాట ఏమిటని కోడలు అడిగినది. న్యాయమైన ప్రశ్నే. దుమ్ము పేరుకొంటే గాలి రంధ్రాలు మూసుకొని యంత్రము మరింత వేడెక్కుతుంది. కాబట్టి ఆట ముగించి, యంత్రము చల్లారిన పిమ్మట గుడ్డ కప్పుచున్నాము. ఆడేముందు తప్పక తీసివేయుచున్నాము. నెలకొకసారి రంధ్రాల వద్ద దుమ్ము తీయించుచున్నాము. బీరువాలోనే ఉంచక తప్పనివారు వెనుక పలకకు పెద్ద రంధ్రము కోయించి, ముందు తలుపు తెరచి, వేడిగాలిని బయటకు లాగేటట్లు ఫ్యాను పెట్టుకొనవచ్చును. అక్కడ ఫ్యానుకు పని ఉన్నది.

గది వేడి 35 డిగ్రీలు మించరాదనీ, గోడకు 10 సెంటీమీటర్లయినా ఎడము ఉండవలెననీ ప్లేస్టేషన్ తయారీదారుల సూచన. మండు వేసవి మధ్యాహ్నము మన రేకుల ఇండ్లలో ఆ హద్దు దాటుట కద్దు. అప్పుడు ఆట సాయంత్రానికి వాయిదా వేయుటకు మించిన మందు లేదు.

అమ్మకందారులకు నా మనవి ఒక్కటే. ఫ్యాను చేతికిచ్చే ముందు, "మీ యంత్రము ఎక్కడ పెట్టినారు?" అని ఒక్క మాట అడుగుడు. తల్లిదండ్రులు కూడ డబ్బు సంచి విప్పే ముందు బీరువా తలుపు తీసి చూచుట మేలు.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
టేకల్, కోలారు జిల్లా