పర్యావరణ శాస్త్రం ఎవరి పక్షాన నిలవాలి?

కార్మిక మిత్రులు తమ పిల్లల చదువుల గురించి మా సలహా కోరడం పరిపాటి. ఇటీవల ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతున్నది: “మా అమ్మాయి పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతానంటున్నది. దానిలో బతుకుతెరువు ఉంటుందా?” ప్రశ్న న్యాయమైనదే. సమాధానం చెప్పేముందు కలకత్తా తూర్పు అంచున ఉన్న సాల్ట్ లేక్ చరిత్రను మిత్రులు ఒకసారి గమనించాలి.

సాల్ట్ లేక్ చిత్తడి నేలలను పూడ్చి కట్టిన పట్టణం. డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ ముఖ్యమంత్రిగా ఉన్న 1962లో, హుగ్లీ నదిలోని ఒండ్రును గొట్టాల ద్వారా తెచ్చి పూడ్చే పని మొదలైంది. వేలాది కుటుంబాలకు ఇళ్లు లభించిన మాట నిజం. అయితే ఆ నీటిలో చేపలు పెంచి బతికినవారి శ్రమకూ అనుభవానికీ నాటి ప్రణాళికలో విలువ దక్కలేదు.

ఆ విలువను గుర్తించినవాడు ధ్రువజ్యోతి ఘోష్ అనే ప్రభుత్వ ఇంజనీరు. నగరపు మురుగునీరు చివరకు ఏమవుతున్నదో తెలుసుకోవడానికి 1980ల ఆరంభంలో ఆయన కాలువల వెంట నడిచాడు. పూడ్చివేతకు గురికాని తూర్పు భాగంలో, ‘భేడీలు’ అనే లోతులేని చెరువులలోకి జాలరులు ఆ మురుగును లెక్క ప్రకారం మళ్లిస్తున్నారు. ఎండ, నాచు కలిసి నీటిని శుద్ధి చేస్తున్నాయి. ఆ నాచు చేపలకు మేత. చెరువులు దాటిన నీరు వరిచేలకు పారుతున్నది. ఏ విశ్వవిద్యాలయమూ నేర్పని ఈ విద్యను ఆయన శ్రామికుల వద్ద నేర్చుకుని లోకానికి చెప్పాడు. 1992లో కలకత్తా హైకోర్టు ఆ నేలల పూడ్చివేతకు అడ్డుకట్ట వేసింది. 2002లో 12,500 హెక్టార్లు రామ్‌సర్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ గుర్తింపు పొందాయి. ఘోష్ 2018లో మరణించాడు.

ఆయన జీతం ప్రజాధనం; ఆయన గురువులు శ్రామికులు. ఈ రెండూ లేనిచోట శాస్త్రం యజమాని గుమస్తాగా మారుతుంది.

నేటి పరిస్థితి చూద్దాం. 1974 నాటి జల చట్టం కాలుష్య నియంత్రణ మండళ్లను ఏర్పరచింది. పశ్చిమ బెంగాల్ మండలి ప్రధాన కార్యాలయం సాల్ట్ లేక్‌లోనే ఉన్నది. కాని 2024 నాటికి దేశంలోని రాష్ట్ర మండళ్లలో మంజూరైన ఉద్యోగాలలో దాదాపు సగం ఖాళీలే. ఒకవైపు పట్టభద్రులు నిరుద్యోగులు, మరొకవైపు తనిఖీలకు మనుషులు లేరు! ఇక 2006 నోటిఫికేషన్ ప్రకారం కొత్త పరిశ్రమపై పర్యావరణ ప్రభావ నివేదికను తయారుచేసే సలహా సంస్థకు రుసుము చెల్లించేది ఆ పరిశ్రమ యజమానే. అటువంటి సంస్థలో పనిచేసే యువ శాస్త్రజ్ఞుడు నిజం రాయాలంటే ఎంత ధైర్యం కావాలి?

ఈ లోపానికి మూల్యం చెల్లించేది శ్రామికులూ, ఫ్యాక్టరీ గోడ పక్కన నివసించే పేదలూ. 1984 భోపాల్‌ను మనం మరువలేదు. 2020 మే 7న విశాఖపట్నం ఎల్‌జీ పాలిమర్స్‌లో నిల్వ ట్యాంకు వేడెక్కి స్టైరీన్ ఆవిరి వెలువడగా 12 మంది మరణించారు.

కనుక మా డిమాండ్లు స్పష్టం. మండళ్లలోని ఖాళీలను కాంట్రాక్టు పద్ధతిలో కాక శాశ్వత ప్రాతిపదికపై భర్తీ చేయాలి. ప్రభావ నివేదికల రుసుమును ప్రభుత్వ నిధి ద్వారా చెల్లించాలి. 1987 సవరణతో ఫ్యాక్టరీల చట్టంలో చేరిన భద్రతా కమిటీలు కాగితంపై మిగలకుండా పనిచేయాలి. వాటిలో కార్మికుడి మాటకు విలువ ఉండాలి.

మమ్మల్ని ప్రశ్నించిన తండ్రికి మా సమాధానం ఇదే: అమ్మాయిని చదవనివ్వండి. సులభమైన బతుకుతెరువు అని మేము అబద్ధం చెప్పము. కాని ఆ ఉద్యోగం ప్రజల ఉద్యోగంగా నిలిచేందుకు పోరాడవలసిన బాధ్యత ఆమె ఒక్కదానిదే కాదు, సంఘాలుగా మనందరిదీ. ఆమె పరీక్ష పాసై ఉద్యోగంలో చేరిననాడు తన సంఘంలో సభ్యత్వం తీసుకోవాలి. ఫ్యాక్టరీకి తనిఖీకి వెళ్లిననాడు మేనేజరు గదికంటే ముందు కార్మికుల వద్దకు నడవాలి.