దండం పెట్టి పారేస్తే సరా?

దసరా నాడు దేశంలో ఊరూరా రావణ దహనం జరుగుతుంటే గ్రేటర్ నోయిడాలోని బిస్రఖ్ గ్రామంలో మాత్రం ఆ సందడి ఉండదు. రావణుడు పుట్టింది తమ ఊళ్లోనేనని, ఊరి గుడిలోని శివలింగాన్ని ఆయన తండ్రి విశ్రవసుడు పూజించాడని అక్కడివారి నమ్మకం. చరిత్రకారులు ఒప్పుకుంటారా అన్నది వేరే సంగతి. ఒక శివభక్తుడి బొమ్మను తగలబెట్టడానికి ఆ ఊరికి మనసొప్పదు, అంతే. భక్తి అంటే చేయాల్సింది చేయడమే కాదు, చేయకూడనిది మానుకోవడం కూడా.

ఈ రెండో సగమే చుట్టూ పెరిగిన నగరానికి గుర్తుండటం లేదు. 1991లో అభివృద్ధి సంస్థ ఏర్పడ్డాక పొలాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. ఇంటింటా పూజగది ఉంది, పెరడు మాత్రం లేదు. మరి వాడిన పూలు, పాత క్యాలెండర్లు, చెదలు పట్టిన పటాలు, చెయ్యి విరిగిన విగ్రహాలు ఎక్కడికి పోవాలి? చెత్తబుట్టలో వేస్తే అపచారం. అందుకని ప్లాస్టిక్ కవర్లో కట్టి రావిచెట్టు కింద పెడతారు, లేదా నదిలో వదులుతారు. చెత్తబుట్టకు పనికిరానిది నదికి ఎలా పనికొస్తుందో ఎవరూ అడగరు.

స్థానికులు హరనందిగా కొలిచే హిండన్ నది సహారన్‌పుర్ జిల్లాలో పుట్టి, ఈ ప్రాంతం మీదుగా పారి యమునలో కలుస్తుంది. దాన్ని పాడుచేసింది ప్రధానంగా ఫ్యాక్టరీల వ్యర్థాలు, పట్టణాల మురుగే. పూజాసామగ్రి వాటా వాటి ముందు చిన్నదే. కానీ మురుగు వదిలేవాడు నదికి దండం పెట్టి వదలడు. భక్తుడు దండం పెట్టి మరీ కవరు విసురుతాడు. చివరికి 2015 జనవరిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ యమునలో పూజాసామగ్రి వేసేవారికి 5,000 రూపాయల జరిమానా విధించాలని చెప్పాల్సివచ్చింది. ఢిల్లీలో యమున వంతెనలకు ఎత్తయిన ఇనుప జాలీలు బిగించారు. దేవుడి పూలను ఆపడానికి కంచె కట్టాల్సిన దుస్థితి అన్నమాట.

ఇందుకు శాస్త్రాన్ని తప్పుపట్టలేం. పూజ ఎలా మొదలెట్టాలో చెప్పిన పెద్దలు ఎలా ముగించాలో కూడా చెప్పారు. వినాయక చవితికి మట్టితో ప్రతిమ చేసి, పత్రితో పూజించి, ఉద్వాసన చెప్పాకే నిమజ్జనం చేసేవారు. మట్టి మట్టిలో కలిసేది. నిర్మాల్యాన్ని ఎవరూ తొక్కని చోట, చెట్టు మొదట్లో వేసేవారు. తిరుమలలో స్వామివారి పూలకు పూలబావే ఉంది. టీటీడీ 2021 సెప్టెంబరులో తన ఆలయాల్లో వాడిన పూలతో అగరుబత్తీల తయారీ ప్రారంభించింది. స్వామికి పెట్టిన పువ్వు మళ్లీ పరిమళమై భక్తుల ఇళ్లకు చేరుతోంది.

పన్నెండో అంతస్తులో ఉన్నవారికీ ఇది అసాధ్యమేమీ కాదు. మట్టి విగ్రహం బకెట్ నీళ్లలో కరుగుతుంది, ఆ నీళ్లు తులసి కుండీకి చాలు. పూలు ఎరువవుతాయి. రంగులద్దిన ప్లాస్టర్ బొమ్మ మాత్రం కరగదు. కాబట్టి జాగ్రత్త నిమజ్జనం రోజున కాదు, కొనేటప్పుడే మొదలవాలి.

గుడిలోకి చెప్పులతో అడుగుపెట్టమంటే ఏ భక్తుడూ ఒప్పుకోడు. ఎవరూ కాపలా లేకపోయినా వాకిట్లోనే విడుస్తాడు. నదిని తల్లి అన్నాక దాని ఒడ్డు కూడా గుడి వాకిలే. చేతిలోని కవరుతో అక్కడే ఆగిపోవాలి.