సమావర్తనం తరువాత ఎవరు?

సమావర్తనం విద్యాసమాప్తికి చిహ్నమని సాధారణంగా చెబుతారు. అది సగం మాట. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలోని పదకొండవ అనువాకంలో ఆచార్యుడు వేదాధ్యయనం ముగించిన శిష్యుణ్ణి రిక్తహస్తాలతో పంపడం లేదు. ఎట్లా మాట్లాడాలో, ఎట్లా దానమివ్వాలో, మాతాపితరులను, అతిథులను ఎట్లా చూడాలో ఉపదేశిస్తున్నాడు. కర్మలో గాని, వర్తనలో గాని సంశయం కలిగితే ఆ ప్రదేశంలోని విచారశీలురను చూచి నడచుకొమ్మంటున్నాడు. గురుకులం దాటిన యువకునికి వెలుపల కూడా ఆలంబనం ఉండాలని శ్రుతియే అంగీకరించినట్లు. గృహ్యసూత్రాలు స్నాతకునికి నూతన వస్త్రాలు, పాదరక్షలు, ఛత్రం, వేణుదండం విధించాయి. అంగసౌష్ఠవం గలవానికే ఇన్ని ఉపకరణాలు అవసరమైనప్పుడు, వికలాంగుడైన యువకుడు చేయూత కోరితే పరాధీనుడని ఆక్షేపించడం న్యాయం కాదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 విధాల వైకల్యాలను గుర్తించినది. నలభై శాతం, అంతకు మించిన వైకల్యం గల పిల్లలకు 6 నుండి 18 సంవత్సరాల వరకు ఉచిత విద్యను హక్కుగా ప్రకటించినది. పద్ధెనిమిది నిండిన మరునాడు ఏమవుతుంది? ప్రత్యేక పాఠశాలకు పోయే బస్సు ఆగిపోతుంది. వేళకు లేచి, స్నానం చేసి, తోటివారితో కూర్చొని భుజించే అలవాటు క్రమంగా జారిపోతుంది. పన్నెండేళ్లు శ్రమించి నేర్చినది రెండేళ్లలో మరుగున పడుతుంది. ఇంటిలో ఒక మూల, ఒక టీవీ, వయస్సు మీదపడుతున్న తల్లి. మేము పోయిన పిమ్మట వీనికి దిక్కెవరు అన్న ఆమె ప్రశ్నకు బంధువుల వద్ద సమాధానం ఉండదు.

వారివద్ద సిద్ధంగా ఉండే సమాధానం ఒకటే: ప్రారబ్ధం. కర్మసిద్ధాంతాన్ని ఇంతకంటె దుర్వినియోగం చేయడం కష్టం. ప్రారబ్ధం అనుభవించేవానికి చెందినది. చూచేవాని ముందున్నది ఆగామి. పక్కవాని ప్రారబ్ధాన్ని లెక్కించి తన కర్తవ్యాన్ని వదలినవాడు ఆ క్షణంలోనే తనకు కొత్త కర్మను సంపాదించుకొంటున్నాడు.

స్మృతుల విషయంలో దాపరికం పనికిరాదు. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయం జాత్యంధుని, బధిరుని, ఉన్మత్తుని, జడుని, మూకుని దాయభాగం నుండి తొలగించినది. వెనువెంటనే వారికి యావజ్జీవం అన్నవస్త్రాలు శక్త్యనుసారం ఇవ్వవలసినదేనని, ఇవ్వనివాడు పతితుడని కూడా శాసించినది. తొలగింపును కుటుంబాలు శ్రద్ధగా పాటించాయి. పోషణ శాసనం చాలాచోట్ల మరుగైనది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షను రోగం, వైకల్యం ఆస్తిహక్కుకు ప్రతిబంధకం కాదని స్పష్టంచేసినది. కనుక నేడు అట్టి బిడ్డకు భాగం తగ్గించి వీలునామా వ్రాయించే పెద్దలు ధర్మశాస్త్రాన్ని సాక్ష్యంగా పిలువరాదు.

ఇంకా లోతైన విచారం పూర్వమీమాంసలో ఉన్నది. అంధుడు ఆజ్యావేక్షణం చేయలేడు, పంగువు విష్ణుక్రమణం చేయలేడు, కాబట్టి వారికి యాగాధికారం ఎట్లా అని షష్ఠాధ్యాయంలో చర్చ. అదే అధ్యాయపు తృతీయపాదం కామ్యకర్మలో సర్వాంగాలూ నెరవేరాలని, నిత్యకర్మలో యథాశక్తి అనుష్ఠానం చాలునని నిర్ణయించినది. నిత్యకర్మ మానరానిది, అందుచేత అశక్యమైన అంగం లోపించినా ప్రధానం నిలుస్తుంది. ఇప్పుడు ప్రశ్న ఇది: జీవించడం, పనిచేయడం, నలుగురిలో ఒకడుగా మసలడం కామ్యమా, నిత్యమా? యువకునికి అవి నిత్యమే. అట్లయితే ‘అన్నీ చేయగలిగితేనే పనిలో పెట్టుకొంటాము’ అనే నియమం నిత్యానికి కామ్యనియమాన్ని అంటగట్టడమే. పది పనుల్లో మూడు చేయగలవానికి ఆ మూడూ అప్పగించవచ్చు.

సభల్లో ఇట్టి ప్రస్తావన రాగానే అష్టావక్రుని పేరెత్తడం పరిపాటి. జనకుని కొలువులో వందిని జయించిన మహామేధావి ఆయన. అసామాన్యుని చూపి సామాన్యుని ఓదార్చడం ఎంతవరకు సబబు? వాదంలో గెలువలేని, అక్షరాలే కూడబలుక్కొనే పిల్లవాని మాట ఏమిటి? దీర్ఘతముని కథ ఇంతకంటె ఉపయుక్తం. భారతం ఆదిపర్వంలో, జన్మాంధుడైన ఆ ఋషిని పోషించలేమని భార్యాపుత్రులు తెప్పకు కట్టి గంగలో వదలినారు. తుదకు బలి అనే రాజు చేరదీసినాడు. ఋగ్వేదం ప్రథమ మండలంలోని ఏబదిరెండు మంత్రాల అస్యవామీయ సూక్తానికి ద్రష్ట ఆయనే. కుటుంబం అలసిపోతుందని ఇతిహాసమే ఒప్పుకొన్నది. కనుక దరిచేర్చేవాడు ఒకడు ఒడ్డున నిలిచి ఉండాలి.

ఆ ఒడ్డు దేవాలయం కాకూడదా? దివ్యాంగులకు ప్రత్యేక దర్శన పంక్తి పెట్టడం మంచిదే. కాని దర్శనం పది నిమిషాలు, జీవితం అరువది ఏళ్లు. తులసిదళాలు ఏరడం, మాలలు కట్టడం, గంధం తీయడం, కుంకుమ పొట్లాలు కట్టడం, పాదరక్షలు భద్రపరచడం, గోశాల సేవ వంటివి నిత్యమూ ఒకే క్రమంలో సాగే పనులు. మేధోవైకల్యం గల యువకులలో పలువురికి అట్టి స్థిరక్రమమే హితకరం. ‘సేవ, పుణ్యం’ అని పేరుపెట్టి వేతనం ఎగవేస్తే మాత్రం అది దోపిడీయే. అర్చకునికి సంభావన ఉన్నప్పుడు మాల కట్టినవానికి కూలి ఉండాలి.

తల్లిదండ్రులు పద్ధెనిమిదవ ఏడు వచ్చేదాకా ఆగరాదు. పదునాలుగు, పదునైదు ఏళ్లనుండే ఒక పనిలో చేయి తిరగాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుండి నడుస్తున్న జాతీయ సంస్థ మేధోవైకల్యం గలవారికి వృత్తిశిక్షణ విషయంలో మార్గం చూపుతున్నది. యుక్తవయస్సు రాగానే తల్లిదండ్రుల సహజ సంరక్షకత్వం చట్టరీత్యా ముగుస్తుందన్న సంగతి చాలామందికి బ్యాంకు గుమాస్తా చెప్పేవరకు తెలియదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహువైకల్యం గలవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం క్రింద జిల్లా స్థానిక కమిటీ సంరక్షకుని నియమిస్తుంది. కలెక్టరు స్థాయి అధికారి, నమోదైన సంస్థ ప్రతినిధి, వైకల్యం గల ఒక వ్యక్తి అందులో సభ్యులు. తల్లిదండ్రులు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే, సంరక్షకుడు కాగల అన్ననో, మేనమామనో ఎదుట కూర్చోబెట్టుకొని ఆ దరఖాస్తు పూర్తిచేయాలి. ఆ పిల్లవాణ్ణి కూడా పక్కనే కూర్చోబెట్టి, తాను ఎవరివద్ద ఉండదలచినదీ అతనినే అడగాలి.