తొట్టిలో జువ్విచెట్టు, కోడలి కడుపు

మొన్న పుష్యమాసంలో వనపర్తిలో ఒక ఇంటికి పలకరింపుకి వెళ్లాను. ఇంటర్‌లో నా దగ్గర వృక్షశాస్త్రం చదువుకున్న అమ్మాయి అత్తగారిల్లు అది. మూడో నెలలో గర్భం పోయింది, ఇది రెండోసారి. ఆ ఇంట్లో ఆమె ఒంట్లో ఎలా ఉందన్న మాటే లేదు. డాబా మీద ఆమె ఐదేళ్లుగా పెంచుకున్న జువ్విచెట్టు గురించే మాటంతా. వాస్తు చూసే ఆయన వచ్చి, దేవతావృక్షాన్ని ఎదగనీయకుండా కత్తిరించి తొట్టిలో బంధించారు, ఈ ఇంట్లో వంశం కూడా ఎదగదు అని చెప్పిపోయాడట. నరికితే పాపం, ఉంచుకుంటే దోషం. అందుకని తొట్టితో సహా కారులో పెట్టుకుని బీచుపల్లి తీసుకెళ్లి కృష్ణలో వదిలేసి వచ్చారు. అంత దూరం చెట్టును మోసుకెళ్లినవాళ్లలో ఒక్కరైనా, పిల్లకు ఇంకా రక్తం పోతోంది, ఆస్పత్రికి మళ్లీ తీసుకెళ్దాం అనలేదు.

దీన్ని శాస్త్రం అంటున్నారు. ఏ ప్రాచీన వాస్తు గ్రంథంలో ఉంది బోన్సాయ్? అది జపాన్ మాట, పళ్లెంలో నాటడం అని అర్థం. చైనాలో పుట్టి జపాన్‌లో పెరిగిన ఆ కళ మన డాబాల మీదికి వచ్చిందే నిన్నగాక మొన్న. దానికి దోషం అంటగట్టిన మాట వయసు కూడా అంతే. చెట్టు పొట్టిగా ఉంది కనుక వంశం పొట్టిదవుతుంది. ఇదీ తర్కం. చేతిలో పెట్టుకుని నలిపితే పొడి అయ్యే ఈ తర్కం ఒక ఆడపిల్ల మెడ మీద ఎంత బరువుగా కూర్చుందో ఆ రోజు కళ్లారా చూశాను.

ఆ చెట్టు ఎలా పెరిగిందో నాకు తెలుసు. మొదటి పాఠం నేనే చెప్పాను. పక్షి రెట్టలో పడిన గింజ ఆమె పుట్టింటి పాత గోడ సందులో మొలిచింది. మన పాత కోటల గోడల్లోనూ గుడి గోపురాల మీదా రావీ మర్రీ జువ్వీ మొలిచేది ఇలాగే. దేవుడి చెట్టు పీకకూడదని వదిలేస్తే వేళ్లు లావై రాళ్లనే విడదీస్తాయి. గోడ కూలకముందే ఆ మొక్కను తీసి బతికించింది ఆ పిల్ల. తొలకరి పడ్డాక తీయమన్నాను. ఎర్ర చల్కమట్టి, జల్లించిన ఇటుక ముక్కలు, మాగిన పశువుల ఎరువు కలిపి, అడుగున బెజ్జాలున్న లోతు తక్కువ తొట్టిలో పెట్టింది. తల్లివేరు కొంత కత్తిరించింది గనుక ఆ ఏడు కొమ్మల జోలికి పోవద్దన్నాను, పోలేదు. రెండో ఏడు నుంచి రెమ్మ ఏడెనిమిది ఆకులు వేసేదాకా ఆగి, రెండు ఆకులు ఉంచి పైది తుంచేది. కోసినచోట పాలు కారితే తడిగుడ్డతో అద్దేది. కొమ్మ వంచడానికి అల్యూమినియం తీగ చుట్టి, వానాకాలంలో కాండం తొందరగా లావెక్కుతుంది కనుక తీగ బెరడును కోయకుండా వారానికోసారి చూసుకునేది. నీడలో పెట్టొద్దు, ఈ జాతికి ఎండ కావాలి అంటే, ఎండ పడేచోట పెట్టి వేసవిలో రెండుపూటలా నీళ్లు పోసేది. ఐదేళ్లు ఒక ప్రాణాన్ని అంత శ్రద్ధగా చూసుకున్న చేతులవి. ఆ చేతులనే ప్రాణం తీసిన చేతులన్నారు.

చివర తుంచడం ఎదుగుదలను చంపడం కాదు. కొమ్మ కొసలో ఆక్సిన్ అనే రసాయనం తయారై కిందికి దిగుతూ పక్క మొగ్గల్ని నిద్రపుచ్చుతుంది. కొస తీసేస్తే అవి లేస్తాయి, ఒక కొమ్మ ఉన్నచోట రెండు వస్తాయి. చెట్టు గుబురు కట్టేది అందుకే. తొట్టిలోని జువ్వి పొట్టి జాతి కాదు. దాని గింజనో కొమ్మనో తీసి చెరువుకట్ట మీద పెడితే ఊరంత నీడనిచ్చే చెట్టే అవుతుంది. వంశానికి ఏ లోపమూ లేదు. ఈ చెట్లు తొట్టిలో కూడా కాస్తాయి. ఆకు చిన్నదవుతుంది గానీ కాయ చిన్నది కాదు. గొడ్డుపోయిన చెట్టని ఎవరన్నారో వాళ్లు చెట్టును చూడలేదు.

మన వాకిళ్లలో తులసికోట ఉంది. అదీ తొట్టే. మంజరులు తుంచి తులసిని గుబురుగా పెంచుతాం, ఎవరి వంశమూ ఆగలేదు. మన జిల్లాల్లో మేకల వెంట తిరిగేవాళ్లు వేసవి వస్తే రావీ జువ్వీ మేడీ ఎక్కి మండలు కొట్టి వేస్తారు. తాతల నాటి నుంచీ కొడుతూనే ఉన్నారు, వాళ్ల ఇళ్ల నిండా పిల్లలున్నారు. కత్తి ఆడపిల్ల చేతిలో ఉన్నప్పుడే చెట్టుకు కోపం వస్తుందా?

నాగర్‌కర్నూల్ దగ్గర మా ఊళ్లో మా చిన్నమ్మకు పెళ్లయిన ఆరేళ్లకూ పిల్లల్లేరు. గుడి ముందు రావిచెట్టు, కింద నాగశిలలు. నలభై రోజులు తెల్లవారుజామున తలస్నానం చేసి తడిబట్టలతో నూట ఎనిమిది చుట్లు తిరగమన్నారు. చలికాలం. నాకు తొమ్మిదేళ్లు. చుట్లు లెక్క తప్పకుండా చింతగింజలు పెట్టడం నా పని. ఇరవయ్యో రోజుకి ఆమెకు జ్వరం. ఆపితే మళ్లీ మొదటినుంచి తిరగాలని ఆపనివ్వలేదు. గింజలు వేస్తూ ఆమె పళ్లు కొట్టుకోవడం విన్నాను. చిన్నాయనను ఎవరూ ఏ చెట్టు చుట్టూ తిరగమనలేదు, ఏ డాక్టరుకూ చూపించలేదు. రెండేళ్లకు ఆయనకు మరో పెళ్లి చేశారు. ఆమెకూ పిల్లలు కలగలేదు. అప్పటికి చిన్నమ్మ పుట్టింటికి చేరి, పేరంటాలకు పిలుపు లేకుండా, పదేళ్లు గొడ్రాలన్న మాట పడి ఉంది. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఎవరూ రాలేదు.

అప్పుడు చెట్టు చుట్టూ తిరిగినా తప్పు ఆడదానిదే, ఇప్పుడు చెట్టును తొట్టిలో పెట్టిందని తప్పు. చెట్టు మారినా దోషి మారలేదు. సంతానం కలగని జంటల్లో సుమారు సగం మందిలో మగవాడి వైపు కూడా లోపం ఉంటుందని వైద్యులు చెబుతూనే ఉన్నారు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి పిండంలోని క్రోమోజోముల లోపమే కారణం. అది తల్లి చేసిన పని వల్ల వచ్చింది కాదు. రెండుసార్లు పోయినప్పుడు చేయవలసిన పరీక్షలున్నాయి, భార్యకూ భర్తకూ. థైరాయిడ్ చూడాలి, షుగర్ చూడాలి, గర్భసంచి చూడాలి. ఆ ఇంట్లో అన్నిటికంటే ముందు చూసింది ఈశాన్యం.

వంశం ఎదగదన్నవాళ్లకు ఒక చెట్టు సంగతి చెప్పాలి. జపాన్‌లో 1625 నుంచి తొట్టిలో పెరుగుతున్న ఒక తెల్ల పైన్ చెట్టు యమాకి కుటుంబంలో తరతరాలుగా చేతులు మారుతూ వచ్చింది. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు పడ్డప్పుడు అది అక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది. చెట్టూ బతికింది, కుటుంబమూ బతికింది. 1976లో మసారు యమాకి దాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చాడు, బాంబు సంగతి చెప్పకుండానే. 2001లో ఆయన మనవళ్లు వాషింగ్టన్ వెళ్లి తాత చెట్టును చూసినప్పుడు గానీ అక్కడివాళ్లకు ఆ కథ తెలియలేదు. మూడు వందల డెబ్భై ఐదేళ్లకు పైగా తొట్టిలో కత్తెర పడిన చెట్టు ముందు ఆ ఇంటి మనవళ్లు నిలబడ్డారు.

అంత దూరం వద్దనుకుంటే, మహబూబ్‌నగర్ పక్కన మన పిల్లలమర్రి ఉంది. ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే ఆ మర్రికి చెదలు పట్టి 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడింది. అప్పుడు ఎవరి దోషమని ఎవరూ అడగలేదు. 2018లో అటవీశాఖవాళ్లు కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి, చెదల మందు క్లోరోపైరిఫాస్‌ను నీళ్లలో కలిపి చుక్కచుక్కగా ఎక్కించారు. బరువు కొమ్మల కింద ఊతంగా స్తంభాలు కట్టారు. రోగమేదో చూశారు, మందు వేశారు, చెట్టు నిలబడింది. మా పాలమూరులో ఒక మర్రిచెట్టుకు దక్కిన వైద్యం ఆ ఆడపిల్లకు దక్కలేదు. ఈ మాట రాస్తుంటే చెయ్యి వణుకుతోంది.

ఆ రోజు లేచి వస్తూ ఆమె భర్తతో గట్టిగానే మాట్లాడాను. ఇద్దరూ కలిసి పరీక్షలకు వెళ్లండి, నేను తోడొస్తాను అన్నాను. అతను తల దించుకుని సరేనన్నాడు. పది రోజుల తర్వాత వెళ్లారు కూడా. నిన్న ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఒంట్లో బాగానే ఉందని చెప్పి కాసేపు ఊరుకుంది.

"సార్, పోయిన ఏడు నా జువ్వి కొమ్మ ఒకటి మీకిచ్చాను. బతికిందా?"

బతికిందమ్మా, తొమ్మిది ఆకులేసింది అన్నాను.

"కొస తుంచకండి సార్. నేనే వచ్చి తుంచుతాను."