తాళంచెవి ఎవరి దగ్గర వుంది?

మన ఊళ్ళలో చరిత్రకు రెండే చిరునామాలు. ఒకటి బడిపిల్లల పాఠ్యపుస్తకం. అందులో అశోకుడుంటాడు, అక్బరుంటాడు, మన ఊరు మాత్రం వుండదు. రెండోది రావిచెట్టు క్రింద. అక్కడ పడివున్న శాసనపు రాతికి కొందరు పసుపు రాస్తారు, కొందరు దానిమీద కూర్చుని పేకాడుకుంటారు. ఈ రెంటికీ నడుమ ఎవరో నలుగురు పూనుకుని, ఒక గది సంపాదించి, రాళ్ళూ రాగిరేకులూ చేర్చి, గుమ్మానికి బోర్డు కట్టారంటే ఆ ఊరికి నేను దణ్ణం పెడతాను. జీతం లేదు, బత్తెం లేదు, పైగా చీపురు కూడా వారే పట్టాలి.

ఇలాంటి పూనికకు మనలో పెద్దన్నగారు రాజమహేంద్రవరం. రాజరాజనరేంద్రుడికి పట్టాభిషేకమై తొమ్మిది వందల ఏళ్ళు నిండిన 1922లో అక్కడివారు ఉత్సవం చేసి, నాలుగు ఉపన్యాసాలిచ్చి, పులిహోర తిని ఇళ్ళకు పోలేదు. ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పెట్టారు. రాజరాజనరేంద్ర పట్టాభిషేక సంచిక అచ్చు వేశారు. 1926 నుంచి ఇంగ్లీషులో పత్రిక నడిపారు. తరువాత కాకతీయ సంచిక, రెడ్డి సంచిక వచ్చాయి. వారిలో భావరాజు వేంకట కృష్ణారావుగారు వకీలు. దస్తావేజులు చదివే కళ్ళతోనే తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలూ చదివారు. ఆలోచిస్తే రెండూ ఒకటే గదా! ఫలానా పొలం, ఫలానా హద్దులు, ఫలానావారికి ఇచ్చితిమి.

తామ్రశాసనం చూడనివారికి ఒక మాట. తాటాకుల్లాగా కొన్ని రాగిరేకులు. వాటికి బెజ్జం, బెజ్జంలో ఒక కడియం, కడియానికి రాజముద్ర. చాళుక్యులదైతే ముద్రలో వరాహం వుంటుంది. పొలం దున్నుతుంటేనో, పునాది తవ్వుతుంటేనో బయటపడుతుంది. చదవగలవాడు ఊళ్ళో లేకపోతే కంచరి త్రాసు ఎక్కుతుంది. నారాయణభట్టుకు రాజరాజనరేంద్రుడు నందంపూడి అగ్రహారమిచ్చిన శాసనానికి ఆ గతే పట్టివుంటే, దాన్ని రచించినవాడు మన నన్నయభట్టే అన్న సంగతి ఏ చెంబులోనో, ఏ గంగాళంలోనో కరిగిపోయేది.

అయితే వస్తువును దక్కించుకోవడం సగం పనే. అది ఎక్కడ దొరికిందో రాసిపెట్టడం మిగతా సగం. ఒక వీరగల్లు చెరువుగట్టున వుంటే ఒక కథ, ఊరి పొలిమేరలో వుంటే మరో కథ. తెచ్చి గదిలో గోడకు ఆనించి, చోటు రాయకపోతే, అది కత్తి పట్టుకున్న బొమ్మ. అంతే. మండలి పెద్దలు చేసిన ఘనకార్యం నా దృష్టిలో ఇదే. దొరికినదాన్ని చదివి, ఊరూ పేరూ చెప్పి, అచ్చులో పెట్టారు. ఆ కృషిచేసినవారిలో ఒకరైన రాళ్ళబండి సుబ్బారావుగారి పేరు మీదనే 1967లో రాజమహేంద్రవరంలో ప్రభుత్వ మ్యూజియం వెలసింది. హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలివారు కూడా తెలంగాణా శాసనాలను 1935లో పుస్తకంగా తెచ్చారు. రాయి అరిగినా అచ్చు మిగిలింది.

అందరికీ ఆ యోగం వుండదు. ఈమధ్య ఒక చిన్న ఊళ్ళో ఇలాంటి మ్యూజియమే చూశాను. ఊరి పేరు చెప్పను, అక్కడి పెద్దాయన నొచ్చుకుంటారు. రిటైరైన మాస్టారు. తాళంచెవి ఆయన జంధ్యానికే వుంటుంది. ఆదివారాలు పొద్దున తెరుస్తారు. ప్రతి వస్తువు దగ్గరా ఆగి, ఈ రాయి ఏ బావి ఒరలోంచి తీశారో, ఈ తాటాకుల కట్ట ఏ అటకమీద ఎలకల నోటినుంచి తప్పించారో, దానికి నిమ్మగడ్డినూనె రాయడం తనకెవరు నేర్పారో ఎంతో రక్తిగా చెప్పారు. చీటీలు చూస్తే మాత్రం, "రాతి విగ్రహం, పురాతనమైనది" అని వుంది. పురాతనం కాకపోతే అక్కడెందుకుంటుంది?

"ఇవన్నీ ఎక్కడ రాశారు మాస్టారూ?" అన్నాను.

ఆయన నవ్వి, వేలితో కణత మీద కొట్టుకున్నారు. "ఇక్కడ."

ఆయనకు ఎనభై దాటాయి.

ఇలాంటి గదులకు ప్రారంభోత్సవాలు బాగానే జరుగుతాయి. దండలుంటాయి, ఫోటోలుంటాయి. కావలసిన రిజిష్టరుకు మాత్రం ఎవరూ రిబ్బను కత్తిరించరు! వరస నంబరు, దొరికిన ఊరు, చోటు, ఇచ్చినవారి పేరు, తేదీ, పొడుగూ వెడల్పూ, ఒక ఫోటో. ఆ నంబరే వస్తువుమీద కనబడని మూల చిన్నగా వేయాలి. ఇంతకు మించి శాస్త్రం అక్కరలేదు. మరో మాట. తళతళలాడాలని రాగిరేకులను చింతపండుతో తోమకండి. పులుపు పైపొరను తినేస్తుంది, దానితోపాటు సన్నని అక్షరాలకూ ముప్పే. భూమిలో దాగివున్నదేదైనా దొరికితే, దాని విలువ పది రూపాయలు దాటినా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతుంది. దొరికింది గదా అని తెచ్చి బీరువాలో పెట్టుకోవడం సేవ కాదు.

రెండు నెలల తరువాత ఆ దారిన పోతూ మళ్ళీ దిగాను. ఇంటరు చదివే ఒక అమ్మాయి గచ్చుమీద బాసింపట్టు వేసుకుని, కొత్త రిజిష్టరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మాస్టారు కుర్చీలోంచి చెబుతున్నారు, ఆమె రాస్తోంది. గదిలో వస్తువులు మూడు వందల పైచిలుకు. అప్పటికి నలభై రెండు అయ్యాయి.

"నలభై మూడు, నల్లరాతి నంది. ఏ ఊరు తాతగారూ?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నందికేసి చాలాసేపు చూశారు.

"ఉండమ్మా," అన్నారు, "గుర్తుకొస్తుంది."